సందెవేళ లెక్క

ఉలవపాడు దాటినాక రోడ్డు పక్కన బంగినపల్లి గుట్టలు.
ఆ గుట్టల వెనక తోటలో
ఒక్క చెట్టుకి మాత్రం తెర కట్టాం, నేల దాకా.
పెళ్లిపందిరి అనుకుందేమో, ఒక మేకొచ్చి
మూతి ఆనించి చూసి పోయింది.

లోపల నేను, నా టార్చి, గళ్ల పుస్తకం.
బయట మాలకొండయ్య, తోట కాపలా.
ఇక్కడ పొగ కూడదన్నానని నా మీద అలిగి
ఆరిన చుట్టని చెవి మీదే ఉంచుకుని కూర్చున్నాడు.

డబ్బా మూత తీశాను.
వంద పోతు ఈగలు, నెత్తిన గులాబీ పొడి ఉన్నవి.
పాతిక మామూలువి, రాలిన కాయల్లో ఇక్కడే పుట్టినవి.
పెంటివీ పాతికే.

"ఆ రంగేంది పాపా?"
"ఆపరేషనైనవి తాతా. గూట్లో ఉండగానే కిరణాలు పెట్టారు.
జత కడతాయి. పెంటిది కాయకి పొడిచి గుడ్లు పెడుతుంది.
గుడ్డు పగలదు. కాయలో పురుగుండదు."

కరేడు వైపు నుంచి ఉప్పుగాలి వచ్చి
తెరని ఒకసారి లోపలికి నొక్కి వదిలింది.
చాలాసేపటికి, నాతో కాదు, చెట్టుతో అన్నట్టు:
"డెబ్బయ్యారులో నాక్కూడా చేశారు.
సింగరాయకొండ బళ్లో, పిల్లకాయల బల్లల మీద.
డబ్బాడు నెయ్యన్నారు. చేతికొచ్చింది సగం డబ్బా."

నేను రాసుకుంటున్నట్టు నటించాను.

"చెక్కభజనలో ముందు వరస నాది.
మాలకొండ మెట్లెక్కితే నా గజ్జె వినే దారి ఇచ్చేవాళ్లు.
కోత పడినాక ఎవడో అన్నాడు, ఇంక నీ కాలు లెయ్యదు రా అని.
ఒకడన్నది ఊరన్నది.
ఊరన్నది నా మోకాళ్లు నమ్మినయ్.
చెక్కలు అటక మీద పారేశా."

పొద్దు గుంకింది.
ఆకు కింద ఆకు కింద మొదలైంది —
రెక్కలు, రెక్కలు, గాజుముక్కల్లాంటి రెక్కలు,
ఒక్కో పోతు తన ఆకుని తనది చేసుకుని
ఒళ్లంతా వాసనై వణుకుతోంది.
పెంటిది వస్తుంది. ఆగుతుంది. చూస్తుంది.
నచ్చకపోతే నడిచి పోతుంది,
ఎగరను కూడా ఎగరదు, అంత తీరిక.

కిరణం ఎక్కువైతే ఆడలేవు, తాతా.
తక్కువైతే గుడ్డు బతుకుతుంది.
ఎంత పెడితే పిల్లలుండవో, ఎంత పెడితే ఆట పోదో
ఆ సన్నటి గీత కోసమే నా జీతం.
మొన్నటి గుంపు పాపం కొమ్మల్లో కూలబడింది.
అందుకే ఈసారి తులసి రసం నాకించి వదిలాం.
అది తాగితే వాసన పెరుగుతుంది.

"తులసా?" నవ్వాడు, పళ్లు లేని నవ్వు.
"తులసితీర్థం పోయేవాడి నోట్లో కదమ్మా పోస్తారు!
పెళ్లికొడుకుని చెయ్యడానికి పోస్తారా?
మాకా బల్ల మీద అదీ దిక్కు లేదు."

మరి చెక్కలు? అన్నాను.
"యాడాదిన్నర చూసింది పెంచలమ్మ.
ఒక పొద్దున నిచ్చెనేసుకుని అటకెక్కి, దించి,
దుమ్ము తన కొంగుతో తుడిచి, నా చేతుల్లో కొట్టింది.
ఏమీ అనలా. పొయ్యి కాడికి పోయింది."

నా పుస్తకంలో చివరి గడి ఒకటుంది:
ఇట్లాంటివాటితో జత కట్టిన పెంటివి
మళ్లీ ఇంకొకదాన్ని వెతుక్కుంటాయా, ఎన్నాళ్లకి.
ఆ గడి నేను పైకి చదవలేదు.

ఏడున్నరకి లెక్క: జతలు పద్దెనిమిది.
గులాబీవి పదకొండు.
తెల్లారేదాకా విడిపోవు, ఇక లేచి పోవచ్చు.
మాలకొండయ్య తెర బయటి నుంచే వేలు పెట్టి
"అదో, ఆ పండాకు కింద. నీకు కనపడలా."
టార్చి వేశాను. నిజమే.
పెంటిది కదలకుండా ఉంది, దాని వీపు మీద గులాబీ చుక్క.

పదకొండు కొట్టేసి పన్నెండు వేశాను.
బయట చీకట్లో ఖాళీ డబ్బా మీద
ఎవరివో రెండు వేళ్లు, ముందు వరస తాళం,
వేసీ వెయ్యనట్టు.